చివరి పది నిమిషాలు

రేడియో స్టేషన్లో అందరూ అతన్ని లెక్కల మాస్టారు అనేవారు. అతను ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. సాయంత్రం ఆరింటికి వచ్చే ఆటల చర్చకి అంకెలు అందించడం అతని ఉద్యోగం. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరికి ఎర్రకార్డు చూపించారు, ఆ రోజు వాన పడిందా లేదా అన్నదాకా అన్నీ అతని కంప్యూటర్లో ఒక పెద్ద పట్టికలో ఉండేవి. వారానికి రెండుసార్లు తనూ మైకు ముందు కూర్చుని వాదించేవాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం యాంకరమ్మాయి అతని బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, శనివారం మహిళల ఫుట్‌బాల్ జట్టు ప్రకటిస్తారు కదా. గోల్‌కీపర్ ఎవరన్నదే ఇవాళ్టి చర్చ. మన పిల్లి కావాలా, పొడుగమ్మాయి కావాలా? పెద్దాయన పిల్లి వైపు మాట్లాడతారట. మీరు పొడుగమ్మాయి వైపు."

పిల్లి అంటే ఊరి జట్టు గోల్‌కీపర్. బంతి మీదికి దూకే తీరు చూసి ఎవరో పెట్టిన పేరు, అలా ఉండిపోయింది. ముప్పై ఒకటో ఏడు. జాతీయ జట్టులోకి వెళ్ళాలంటే ఈసారే వెళ్ళాలి. పొడుగమ్మాయి ఇంకో ఊరి జట్టు గోల్‌కీపర్, వయసులో చిన్నది.

"నాకూ పిల్లే నయమనిపిస్తుందే," అన్నాడు లెక్కల మాస్టారు.

"ఇద్దరూ ఒకే పాట పాడితే అది భజనవుతుంది గానీ చర్చెందుకవుతుంది? మొన్న కూడా పెద్దాయన మిమ్మల్ని తినేశారు. ఇవాళైనా ఒక్క దెబ్బ కొట్టండి," అని వెళ్ళిపోయింది.

అది గుచ్చుకుంది. పెద్దాయన ముప్పై ఏళ్ళుగా ఆటలకి వ్యాఖ్యానం చెబుతున్న మనిషి. ఆయన గొంతు సవరించుకుంటేనే సగం శ్రోతలు తలూపేస్తారు. మొన్నటి చర్చలో "నాయనా, ఆట నీ కంప్యూటర్లో జరగలేదు, మైదానంలో జరిగింది" అని ఆయనంటే స్టూడియో అంతా నవ్వింది.

లెక్కల మాస్టారు పట్టిక తెరిచాడు. ఆ సీజన్లో మొత్తం మీద పిల్లి తిన్న గోల్సే తక్కువ. అది పనికిరాదు. చివరి ఇరవై నిమిషాల్లో చూశాడు. పిల్లికి పదకొండు, పొడుగమ్మాయికి పదమూడు. పనికిరాదు. చివరి పదిహేను చూశాడు. పది, తొమ్మిది. తేడా ఏముంది? చివరి ఐదు చూస్తే ఇద్దరికీ నాలుగేసి. కుర్చీలో వెనక్కి వాలి, పెన్సిల్ చివర కొరుకుతూ, చివరి పది కొట్టాడు.

పిల్లికి తొమ్మిది. పొడుగమ్మాయికి నాలుగు.

రెట్టింపు కన్నా ఎక్కువ! పెన్సిల్ పక్కన పడేశాడు. తెర మీద అడ్డంగా ఉన్న మిగతా గడులన్నీ మూసేసి, ఆ రెండంకెలే కాగితం మీద పెద్దగా రాసుకున్నాడు.

సాయంత్రం పెద్దాయన పిల్లి గురించి పావుగంట కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. అంతా అయ్యాక లెక్కల మాస్టారు మైకు దగ్గరికి జరిగి, గొంతు పెంచకుండా అన్నాడు. "ఆట గెలిచేదీ ఓడేదీ చివరి పది నిమిషాల్లో. ఆ పది నిమిషాల్లో మీ పిల్లి తొమ్మిది గోల్స్ వదిలింది. పొడుగమ్మాయి నాలుగు. నేను అభిప్రాయం చెప్పడం లేదు. అంకె చెబుతున్నాను."

యాంకరమ్మాయి బల్ల కింద బొటనవేలు పైకెత్తి చూపించింది. బయటికొస్తుంటే సౌండు ఇంజనీరు అద్దం వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. లెక్కల మాస్టారు మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

ఇంట్లో మాత్రం గాలి వేరుగా ఉంది.

అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు కిక్కిరిసిన బస్సులో అరిచిన గొంతు, స్టేడియంలో ఇప్పటికీ ఆ మూల నుంచి ఈ మూలకి వినిపిస్తుంది. ఊరి జట్టు ఆడే ఆట ఒక్కటి కూడా వదలదు. మామూలుగా అల్లుణ్ణి "నువ్వు" అనే పిలుస్తుంది. కోపం వస్తేనే "మీరు"లోకి మారుతుంది.

"అల్లుడుగారూ, మీరు భోంచేస్తారా?" అంది.

అతని భార్య వాళ్ళమ్మ ముఖం చూసి, మొగుడి ముఖం చూసి, "అయిపోయింది" అన్నట్టు కనుబొమలెగరేసింది.

పళ్ళెం ముందు పెట్టి అత్తగారు ఎదురుగా కూర్చుంది. "తొమ్మిది గోల్స్ అన్నారు. ఆ తొమ్మిదీ మీరు చూశారా?"

"చూడక్కర్లేదత్తయ్యా. లెక్క ఉంది కదా."

"నేను చూశాను. తొమ్మిదీ చూశాను. ఎండలో కూర్చుని చూశాను, వానలో కూర్చుని చూశాను. బస్సులో ఎనభై మంది ఎక్కారన్నది చూడకుండా, కాగితం మీద టైము చూసి డ్రైవరు ఆలస్యంగా వచ్చాడని తిట్టినట్టుంది మీ యవ్వారం."

"అలాగని మీ పిల్లి గోల్సే తినదంటారా?"

"ఎందుకు తినదు? తింటుంది. కుడి పక్క కిందికి వచ్చే బంతి దానికి చేతకాదు."

అతను నవ్వాపుకోలేకపోయాడు. "కాదత్తయ్యా. కుడి పక్కే బాగా ఆపుతుంది. ఎడమ పక్కే కష్టం. కావాలంటే చూపిస్తాను."

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండి రేడియోలో మాట్లాడుకునేలా ఉన్నారు," అంది భార్య, నీళ్ళ గ్లాసు అందిస్తూ. ఎవరూ నవ్వలేదు.

మంగళవారం పొద్దున టీ కొట్టు దగ్గర ఇద్దరు ఎవరో మాట్లాడుకుంటున్నారు. "చివరి పది నిమిషాలు దాన్ని పీకి బయట కూర్చోబెట్టాలి." "రేడియోలో చెప్పాడుగా, లెక్కతో సహా." మొదట్లో అతని ఛాతీ కొంచెం పొంగింది. మధ్యాహ్నానికి ఆ మాట ఫోన్లన్నిటిలోనూ తిరిగింది. ఎవరో పిల్లి బొమ్మ వేసి, మెడకి గడియారం కట్టి, కింద "పది నిమిషాల పిల్లి" అని రాశారు. సాయంత్రానికి ఆ గడియారం ముళ్ళు తిరుగుతున్నాయి కూడా. స్టేషన్లో అందరూ అది తీసుకొచ్చి అతనికి చూపించి భుజం తట్టారు. నాలుగోసారి చూపించినప్పుడు అతను నవ్వలేకపోయాడు.

బుధవారం భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా పాత ఆటల వీడియో రికార్డింగులుండే గదిలోకి వెళ్ళాడు. అత్తగారు తప్పని రుజువు చేద్దామన్న పంతం సగం. మిగతా సగానికి అతను పేరు పెట్టుకోలేదు. ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి తేదీ, నిమిషం, కారణం అని మూడు గడులు గీశాడు. కారణం అన్న గడి తన పట్టికలో ఎన్నడూ పెట్టలేదని అప్పుడే తట్టింది.

మొదటి నాలుగు గోల్సూ ఒకే ఆటలోవి. ఇద్దరికి ఎర్రకార్డులు చూపించి పంపేస్తే, పిల్లి జట్టులో తొమ్మిది మందే మిగిలారు. చివరి పది నిమిషాల్లో ముగ్గురు, నలుగురు కలిసి గోల్ మీదికి వచ్చేస్తుంటే పిల్లి ఒక్కతే అటూ ఇటూ పడి లేస్తోంది. నాలుగు వదిలింది. ఆరు ఆపింది. ఆ ఆరూ అతను లెక్కపెట్టాడు, ఒకదాన్ని వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాడు. తరవాతి రెండూ పెనాల్టీలు. ఏడోది సొంత జట్టు డిఫెండరు కాలికి తగిలి లోపలికి పోయింది. ఎనిమిదోది మాత్రం వానలో చేతుల్లోంచి జారింది. తొమ్మిదోది దూరం నుంచి కొట్టిన బంతి. ముందుకొచ్చి నిలబడింది, తల మీంచి పోయింది.

ఆ రెండే ఆమెవి.

పొడుగమ్మాయి నాలుగూ చూశాడు. ఒకటి పెనాల్టీ, మూడు ఆమెవి. రెండు, మూడు. ఇంత చిన్న అంకెలతో ఎవరు మేలో చెప్పడం నాణెం ఎగరేసి చెప్పడంతో సమానం. ఆ సంగతి తెలియని మనిషి కాదు తను.

అన్నిటికన్నా మింగుడుపడనిది వేరే ఉంది. ఎర్రకార్డుల గడి సోమవారం కూడా ఆ తెర మీదే, గోల్స్ గడి పక్కనే ఉంది. తనే మూసేశాడు. ఇరవై చూశాడు, పదిహేను చూశాడు, ఐదు చూశాడు. కావలసింది దొరికిన చోట ఆగాడు. దానికి పొరపాటు అని పేరు పెట్టడానికి కూడా వీల్లేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఆ మాట తనకి తాను చెప్పుకోబోయి, రికార్డింగు ఆపేశాడు.

గురువారం ఆట ఉంది. అత్తగారు కండువా చుట్టుకుని బయల్దేరుతుంటే, "నేనూ వస్తానత్తయ్యా," అన్నాడు.

"మీ ఇష్టం," అంది.

స్టేడియంలో సగం అవతలి జట్టు వాళ్ళు. ఊరి జట్టు ఒక గోల్ ముందుంది. పిల్లి ఆ పూట మూడు మంచి బంతులు ఆపింది. మూడోది ఆపినప్పుడు అత్తగారి కేకకి ముందు వరసలో కూర్చున్నాయన చెవి మూసుకున్నాడు. లెక్కల మాస్టారు గోల్ వైపు చూడకుండా పెద్ద గడియారం వైపే చూస్తున్నాడు.

ఎనభై నిమిషాలు పూర్తయ్యాయి.

"పది!" అని అరిచింది ఎదుటి గ్యాలరీ.

మొదట అతనికి అర్థం కాలేదు. గడియారం నిమిషం మారింది. "తొమ్మిది!" ఈసారి ఇంకా ఎక్కువ మంది అరిచారు. పిల్లి ఒకసారి తల తిప్పి గడియారం చూసింది. చేతి తొడుగులు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. "ఎనిమిది!" ఇప్పుడు ఊరి జట్టు వాళ్ళలో కూడా కొందరు నవ్వుతున్నారు. అత్తగారు లేచి నిలబడి, "నోళ్ళు ముయ్యండ్రా!" అని ఎడమ వైపు ఒకసారి, కుడి వైపు ఒకసారి అరిచింది. "ఏడు!" అన్నాయి వేల గొంతులు. ఆమె గొంతు అందులో మునిగిపోయింది.

అతని చేతులు మోకాళ్ళ మధ్య ఇరుక్కుపోయాయి. చుట్టుపక్కల ఎవరైనా తన ముఖం గుర్తుపడతారేమోనని తల వంచుకున్నాడు. రేడియో గొంతుకి ముఖం ఉండదని మరుక్షణమే గుర్తొచ్చింది. దాక్కోవలసిన పని కూడా లేదు. అది మరీ ఘోరంగా ఉంది.

"నాలుగు!" అన్నప్పుడు ఒక బంతి వచ్చింది. బలం లేని బంతి. నేల మీద దొర్లుకుంటూ, తిన్నగా పిల్లి దగ్గరికే వచ్చింది. ఆమె వంగింది. రెండు చేతులూ పెట్టింది. బంతి చేతికి తగిలి, మోకాలికి తగిలి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి మెల్లగా దొర్లిపోయింది. ఆమె తిరిగి పాకుతూ అందుకోబోయేసరికి గీత దాటేసింది.

స్టేడియం నవ్వింది. గోల్ పడినప్పుడు జనం కేకలు వేస్తారు, గెంతుతారు. అలా నవ్వగా అతను ఎన్నడూ వినలేదు.

ఆట సమానమై ముగిసింది. జేబులో ఫోను మోగింది. యాంకరమ్మాయి.

"మాస్టారూ! ఎనభై ఆరో నిమిషం! మీరు చెప్పినట్టే జరిగింది. ఎలా పట్టారసలు? రేపు చర్చంతా మీదే. పదో గోల్‌తో మొదలెడదాం."

అతను ఏం జవాబిచ్చాడో అతనికే గుర్తులేదు. అత్తగారు కండువా తీసి మడతపెడుతోంది. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"పద అల్లుడూ," అంది ఆమె. "నువ్వేం తినలేదు పొద్దుట్నించీ."

ఆ "నువ్వు" విని అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

శుక్రవారం స్టూడియోలోకి తెల్లకాగితం పట్టుకుని వెళ్ళాడు. యాంకరమ్మాయి ఉత్సాహంగా, "మన మాస్టారి జోస్యం ఫలించింది. పదో గోల్! మాస్టారూ, చెప్పండి," అంది.

"నేను సోమవారం చెప్పిన అంకె నిజమే," అన్నాడు. "కానీ దాన్ని నేను వెతికి పట్టుకున్నాను. చివరి ఇరవై నిమిషాలు చూస్తే పిల్లే నయం. పదిహేను చూస్తే దాదాపు సమానం. ఐదు చూస్తే సమానం. పది దగ్గర మాత్రమే ఆమె చెడ్డగా కనిపించింది. అందుకే పది అన్నాను. మిగతావి మీకు చెప్పలేదు."

అని, తొమ్మిది గోల్స్ ఒక్కొక్కటే చదివాడు. తేదీ, నిమిషం, కారణం. యాంకరమ్మాయి చేత్తో "తొందరగా" అని సైగ చేసింది. అతను తొందరపడలేదు. "తొమ్మిదిలో ఆమెవి రెండు. నాలుగులో పొడుగమ్మాయివి మూడు. దీంతో ఏమీ తేలదు. నిన్నటి గోల్ మాత్రం..." అని ఆగిపోయాడు. "నిన్నటి గోల్ నా అంకె వల్ల కూడా పడి ఉండొచ్చు."

పెద్దాయన ముందుకి వంగాడు. "నేను మొదట్నించీ అదే కదా నాయనా చెప్పేది! పిల్లే గొప్ప."

"అదీ చెప్పలేమండీ."

"అదేమిటి? నా కళ్ళతో చూశాను!"

"మీరు చూసినవాటిలో మీకు గుర్తున్నవి చెబుతున్నారు. నేను లెక్కపెట్టినవాటిలో నాకు పనికొచ్చినవి చెప్పాను. ఇద్దరం ఒకటే."

పెద్దాయన ముఖం మాడిపోయింది. "అయితే ఎవరు మేలంటారు మాస్టారూ? ఒక్క మాటలో చెప్పండి," అంది యాంకరమ్మాయి.

"నాకు తెలీదు."

రేడియోలో నిశ్శబ్దం చాలా పెద్దదిగా ఉంటుంది. ఇంజనీరు గబగబా సబ్బు ప్రకటన వేశాడు. తరవాత వచ్చిన ఫోన్లలో ఒకాయన మాస్టార్ని ఎవరో బెదిరించారన్నాడు. ఇంకొకాయన పిల్లి ఇతనికి చుట్టమన్నాడు. "చివరి పది నిమిషాల్లో మాస్టారే చేతులెత్తేశారు," అని మూడో ఆయనంటే యాంకరమ్మాయి నవ్వింది. బయటికొచ్చాక మెట్ల దగ్గర, "ఇలాంటివి మైకు ముందుకి రాకముందే నాకు చెప్పాలి కదండీ," అంది నొచ్చుకుని.

శనివారం జట్టు ప్రకటించారు. గోల్‌కీపర్‌గా పొడుగమ్మాయి పేరు చదివారు. అత్తగారు రేడియో కట్టేసి బట్టలు ఆరెయ్యడానికి పైకెళ్ళింది. కారణాలేమిటో ఎంపిక చేసినవాళ్ళు చెప్పలేదు.

సోమవారం పొద్దున లెక్కల మాస్టారు ఊరి జట్టు సాధన చేసే మైదానానికి వెళ్ళాడు. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాడు. ముఖం చెల్లక కాసేపు గోడ పక్కన నిలబడ్డాడు. లోపల పిల్లి ఒక్కతే బెంచీ మీద కూర్చుని వేళ్ళకి తెల్లటి పట్టీ చుట్టుకుంటోంది. ఒక్కో వేలికీ రెండు చుట్లు. కణుపు వదిలేసి కిందా పైనా. చుట్టాక వేలు వంచి చూసి, బిగువైతే విప్పి మళ్ళీ చుట్టుకుంటోంది.

"నేను రేడియో..." అన్నాడు.

"గొంతు గుర్తుపట్టాను సార్. కూర్చోండి."

అతను కూర్చోలేదు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "తప్పు చేశాను," అన్నాడు. "క్షమించమని అడగడానికి కూడా..." అని కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు, అదే మిగతాది చెబుతుందన్నట్టు.

ఆమె పళ్ళతో పట్టీ తెంపి, కాగితం తీసుకుని, వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చింది. ఏడో వరస దగ్గర వేలు ఆగింది.

"ఇది తప్పు సార్."

"ఏది?"

"డిఫెండరు కాలికి తగిలిందని రాశారు. తగిలింది నిజమే. 'వదిలెయ్' అని నేనే అరిచాను. బంతి నాకొస్తుందనుకున్నాను. అది విని కాలు వెనక్కి తీసుకోబోయింది పాపం, తగిలింది. ఆ పిల్లని అప్పుడు అందరూ తిట్టారు." వేలు తీసింది. "రెండు కాదు, మూడు. నేను లెక్కపెట్టుకుంటాను కదా. ప్రతి ఆటా అయ్యాక."

అతను నిలువునా సిగ్గుపడ్డాడు. ఆమెని వెనకేసుకొచ్చిన అంకెని ఆమే కూర్చుని తనకి విరుద్ధంగా దిద్దుకుంటోంది. జేబులోంచి పెన్సిల్ తీసి ఏడో వరస కొట్టేసి, ఆమె చెప్పినట్టు రాశాడు. మూడు, మూడు.

"సెలక్షను నా వల్లే పోయిందా?" అన్నాడు, కాగితం వైపే చూస్తూ.

"నాకు తెలీదు. మీకూ తెలీదు. దానికి కూడా ఒక అంకె వెయ్యకండి." ఆ మాటలో కోపం ఉంది. దాన్ని ఆమె దాచలేదు. "ఆ బొమ్మ మా అమ్మ ఫోనుకి కూడా వచ్చింది సార్. నాకు చూపించకుండా ఫోను దిండు కింద పెట్టుకుంది మూడు రోజులు."

అవతల మిగతా పిల్లలు ఒక్కొక్కరే మైదానంలోకి వస్తున్నారు. ఎవరో ఆమెని పిలిచారు. ఆమె చేతి తొడుగులు తీసుకుని లేచింది. లేచి, కాగితం చివర ఖాళీగా ఉన్న పదో వరస చూసింది. గురువారం తేదీ ఉంది, ఎనభై ఆరో నిమిషం ఉంది. కారణం గడిలో ఏమీ లేదు.

"ఇది రాయలేదేం?"

"అది నాది," అన్నాడు. "జనం అరిచింది నా మాటే. నా పేరే రాయాలి."

ఆమె అతని ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసింది.

"ముప్పై ఏళ్ళ ఆడదాన్ని సార్, చిన్నప్పట్నుంచీ జనం అరుపుల్లోనే నిలబడ్డాను. వాళ్ళరిచారు, నిజమే. బంతి మాత్రం నా చేతుల్లోంచి పోయింది. అన్నీ మీరే చేసినట్టు మాట్లాడకండి. నాదని రాయండి."

అతను పెన్సిల్ గడి మీద పెట్టి ఆగాడు.

"రాయండి సార్. అవతల పిలుస్తున్నారు."

రాసేదాకా ఆమె అక్కడే నిలబడేలా ఉంది. లెక్కల మాస్టారు బెంచీ పక్కన మోకాలి మీద కూర్చుని, కాగితం బెంచీ మీద పెట్టి, పదో వరసలో గోల్‌కీపర్ అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. ఆమె వంగి చదువుకుని, "ఊఁ" అని, తొడుగులు వేసుకుంటూ గోల్ వైపు పరుగెత్తింది.